పనిముట్లు ఐదు.. కుట్లు ఆరొందలు!

మన రూముల్లో స్క్రూడ్రైవర్ సెట్ ఉంటుంది. ఎక్స్‌టెన్షన్ బోర్డులు రెండు మూడు ఉంటాయి. మరి సూది? ఒక్కసారి వెతికి చూడండి. ఎప్పుడో హోటల్‌లో ఇచ్చిన బుల్లి కిట్ తప్ప చాలామందికి ఏమీ దొరకదు. అదే అమ్మమ్మల ఇళ్లలో అయితే పాత బిస్కెట్ల డబ్బా ఒకటి కచ్చితంగా ఉండేది. బిస్కెట్లు ఉన్నాయేమోనని ఆశగా మూత తీస్తే లోపల సూదులు, దారం రీళ్లు, జాకెట్టు హుక్కులు, జత లేని గుండీలు!

ఆ డబ్బా మన తరం దాకా రాలేదు. అందుకే గుండీ ఊడిన చొక్కా అల్మరా అడుగుకి వెళ్లిపోతోంది. ఆన్‌లైన్‌లో కొన్న ప్యాంటు రెండంగుళాలు పొడుగైతే రిటర్న్ పెట్టేస్తున్నాం. చిన్న చిరుగు పడిన కుర్తా పాతబట్టల మూటలో చేరుతోంది.

నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని. రోజంతా చేసేది స్క్రీన్ మీదే ఉంటుంది, చేత్తో పట్టుకుని చూసుకునేది ఏదీ ఉండదు. మూడేళ్ల క్రితం సూదీదారం పట్టుకున్నా. ‘అబ్బాయివి.. నీకెందుకురా ఈ కుట్లు?’ అని ఫ్లాట్‌లో వాళ్లు నవ్వారు. ‘మన ప్యాంట్లు కుట్టే మాస్టర్ ఎవరు, మగాడు కాదా?’ అంటే సైలెంట్ అయిపోయారు. షాపు పెట్టి డబ్బులు తీసుకుంటే వృత్తి, ఇంట్లో కూర్చుని కుడితే టైమ్‌పాస్.. ఈ లెక్క ఎక్కడ తేడా కొడుతుందో తర్వాత చెప్తా. ముందు పనిముట్ల సంగతి చూద్దాం.

మిషన్ ఇప్పుడే వద్దు

కుట్టడం నేర్చుకోవాలి అనుకోగానే అందరం మిషన్ల ధరలు చూస్తాం. మొదటి మూడు నెలలకి దాని అవసరమే లేదు. సూది, కత్తెర, వేలి తొడుగు, టేపు, రిప్పర్.. ఈ ఐదూ చాలు. అన్నీ కలిపి రెండు పిజ్జాల ఖర్చు. ఆన్‌లైన్‌లో వచ్చే వంద వస్తువుల కిట్ కన్నా, నచ్చినవి ఒక్కొక్కటీ చేత్తో పట్టుకుని చూసి కొనుక్కోవడం మేలు. సికింద్రాబాద్ జనరల్ బజార్ లాంటి చోట లేసులు, గుండీలు అమ్మే కొట్లుంటాయి. ఓ సాయంత్రం అటు వెళ్లి రండి, దారం రంగులు చూస్తేనే సగం ఉత్సాహం వచ్చేస్తుంది.

సూది: చేతి సూదులకి నంబర్లుంటాయి. నంబర్ పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. చొక్కా గుండీలకి 7 లేదా 8, పల్చటి బట్టకి 9 లేదా 10, జీన్స్ లాంటి మందం బట్టకి 5 సరిపోతాయి. అన్ని సైజులూ కలిపిన ప్యాకెట్ ఒకటి తీసుకోండి. ఎంబ్రాయిడరీ సూదులు వేరు. నాలుగైదు పోగులు ఒకేసారి దూరాలి కాబట్టి వాటి బెజ్జం పొడుగ్గా ఉంటుంది. తమాషా ఏంటంటే, మిషన్ సూదుల లెక్క దీనికి రివర్స్. అక్కడ నంబర్ పెరిగితే సూది లావవుతుంది. మామూలు కాటన్‌కి 14, జీన్స్‌కి 16 వాడతారు.

కత్తెర: ఐదింటిలో ఎక్కువ డబ్బులు పెట్టాల్సింది దీనికే. ఎనిమిది, తొమ్మిది అంగుళాల టైలర్ కత్తెర కొనండి. దాని పిడి ఒక పక్కకి వంగి ఉంటుంది. అలా ఉంటే కింది రేకు బల్లకి ఆనుకునే ఉంటుంది, బట్ట పైకి లేవకుండా గీత మీదే తెగుతుంది. మీరట్ కత్తెరలకి ఈ విషయంలో మంచి పేరు. 2013లో వాటికి జీఐ గుర్తింపు కూడా వచ్చింది. పాత వాహనాల నుంచి వచ్చిన తుక్కు ఇనుముతో చేస్తారు వాటిని. మొద్దుబారితే పారేయక్కర్లేదు, సాన పట్టించుకుని ఏళ్ల తరబడి వాడుకోవచ్చు. ఒకటే రూల్: బట్ట కత్తెరతో కాగితం కొయ్యకూడదు. కాగితం దాని పదునుని ఇట్టే తినేస్తుంది. పార్సిల్ కవర్లు తెరవడానికి వేరే కత్తెర పెట్టుకోండి. మీ రూమ్మేట్‌కి ఈ రూల్ రాసి గోడకి అంటించినా తప్పు లేదు!

వేలి తొడుగు: కుట్టే చేతి మధ్యవేలికి పెట్టుకునే చిన్న లోహపు టోపీ. ‘ఇదెందుకులే’ అనిపిస్తుంది. జీన్స్ మడత మీద పది కుట్లు వేశాక ఎందుకో అర్థమవుతుంది. సూదిని వేళ్లతో లాగడం కాదు, వెనక నుంచి తొయ్యడం అలవాటైతే చేతి కుట్టు వేగం రెట్టింపవుతుంది. షాపులో మాస్టర్లు వాడే రకానికి పైన మూత ఉండదు, ఉంగరంలా ఉంటుంది. తోసేది వేలి పక్క భాగంతో కాబట్టి అది చాలు.

టేపు: 60 అంగుళాలు, అంటే దాదాపు 150 సెంటీమీటర్లు. కొన్న రోజే స్టీల్ స్కేలు పక్కన పెట్టి సరిచూసుకోండి. గుడ్డ టేపులు వాడగా వాడగా సాగుతాయి. ఫైబర్‌గ్లాస్‌వి సాగవు.

రిప్పర్: కుట్టు ప్రపంచంలో అన్‌డూ బటన్ ఇదే. రెండు కొసల చిన్న ఫోర్క్‌లా ఉంటుంది. పొడుగు కొస కుట్టు కిందకి దూర్చడానికి. పొట్టి కొస మీద ఉండే ఎర్ర పూస, బట్ట చిరగకుండా కాపాడటానికి. పదును ఆ రెండింటి మధ్య వంపులో ఉంటుంది.

గీతలు గీయడానికి చాక్ కొనకపోయినా పర్లేదు. అరిగిపోయి పల్చబడిన సబ్బుముక్క ఉంటుందిగా, ముదురు రంగు బట్ట మీద దాంతో గీస్తే చక్కగా కనిపిస్తుంది. ఉతికితే పోతుంది. ఇంట్లో అమ్మలందరికీ తెలిసిన ట్రిక్ ఇది.

నాలుగు ఆదివారాల ప్లాన్

మొదటి వారం: పాత దుప్పటి ముక్క మీద సబ్బుతో గీతలు గీయండి. దారం మరీ పొడుగొద్దు. వేలి కొస నుంచి మోచేయి దాకా, అంటే దాదాపు 18 అంగుళాలు. అంతకన్నా పొడుగైతే చిక్కుపడుతుంది. కొవ్వొత్తి మీద ఒకసారి రుద్దితే దారం నునుపుగా నడుస్తుంది. ఇక కుట్టు. పైకీ కిందికీ పరుగులు తీస్తే పరుగు కుట్టు. ఒక అడుగు వెనక్కి వేసి, అడుగు భాగంలో రెండు అడుగులు ముందుకి వెళ్తే వెనక కుట్టు. పైనుంచి చూస్తే ఇది మిషన్ కుట్టులానే ఉంటుంది, గట్టిగా పట్టుకుంటుంది. లాగుడు పడే చోట ఎప్పుడూ ఇదే వెయ్యాలి.

రెండో వారం: గుండీ. దాని మీద అడ్డంగా ఓ అగ్గిపుల్ల పెట్టి, పుల్ల మీదుగా ఐదారు సార్లు కుట్టండి. తర్వాత పుల్ల లాగేస్తే గుండీ కాస్త వదులవుతుంది. అప్పుడు గుండీ కింద దారాన్ని నాలుగు చుట్లు చుట్టి ముడెయ్యండి. ఆ చుట్లే గుండీకి మెడ. కాజా ఉన్న పట్టీ ఆ మెడ దగ్గర ఇమిడిపోతుంది. బట్టకి అంటుకుపోయేలా కుట్టిన గుండీ ఆ పట్టీ మందానికి లాగుడు పడి త్వరగా ఊడుతుంది.

మూడో వారం: ప్యాంటు పొడుగు తగ్గించడం. కాటన్ అయితే ముందు ఉతికి ఆరేయండి, ముడుచుకునేదేదో ముందే ముడుచుకుంటుంది. మడత పెట్టి ఇస్త్రీ చేసి, గుండుసూదులు గుచ్చి అప్పుడు మొదలుపెట్టండి. మడతలోంచి సూది తీసి, ఎదుటి బట్టలో ఒకటి రెండు పోగులు మాత్రమే పట్టుకుని, మళ్లీ మడతలోకి. ఇదే హెమ్మింగ్. బయటికి కుట్టు కనిపించదు. ఇందులో సగం పని ఇస్త్రీపెట్టెదే.

నాలుగో వారం: సంచి. పాత జీన్స్ కాలు మోకాలి దగ్గర కోస్తే సగం సంచి తయారైనట్టే, ఎందుకంటే అది ముందే గొట్టంలా ఉంది. అడుగున వెనక కుట్టు రెండు వరసలు వేసి, రెండో కాలు నుంచి పట్టీలు కోసి తగిలించండి. కిలో ఉల్లిపాయలు మోసే సంచి మీ చేత్తో కుట్టినదైతే ఆ కిక్కే వేరు.

ఈ నాలుగూ అయ్యాక మిషన్ గురించి ఆలోచించండి. అప్పుడు దాని పనితనం కూడా బాగా అర్థమవుతుంది. చేతి సూదికి బెజ్జం వెనక ఉంటుంది, మిషన్ సూదికి మొన దగ్గర ఉంటుంది. అందుకే సూది మొత్తం బట్టలోంచి అవతలికి వెళ్లక్కర్లేదు. మొనతో పాటు దారం కిందికి దిగితే, కింద బాబిన్ దారం దాంతో మెలేసుకుంటుంది. ఈ రెండు దారాల లాకింగ్ కుట్టు మిషన్‌కి ఎలియాస్ హోవ్ 1846లో అమెరికాలో పేటెంట్ తీసుకున్నారు. యంత్రాలని అంతగా విమర్శించిన గాంధీజీ కూడా 1924లో సింగర్ కుట్టుమిషన్‌కి మాత్రం మినహాయింపు ఇచ్చారు. మనిషి శ్రమ తగ్గించాలన్న ప్రేమతో పుట్టిన యంత్రమని ఆయన భావన.

ఆరొందల కుట్ల లెక్క

ఇప్పుడు ఆ టైమ్‌పాస్ సంగతికొద్దాం. మాది పాలకొల్లు దగ్గర ఊరు. నా చిన్నప్పుడు అమ్మ చీరలకి ఫాల్ కుట్టేది. మధ్యాహ్నం వంటిల్లు సర్దుకుని, గుమ్మం దగ్గర వెలుతురులో కూర్చునేది. చీరకి పదిహేను రూపాయలు. ‘ఖాళీగా కూర్చోలేక కుడుతోంది’ అనేవాళ్లు చుట్టాలు. అమ్మా అదే చెప్పేది. నా ట్యూషన్ ఫీజు ఆ ఖాళీలోంచే వచ్చేది.

చేతి కుట్టు కాస్త పట్టుబడ్డాక, పండక్కి ఇంటికెళ్లినప్పుడు అమ్మ చీరకి ఒక ఫాల్ నేనే కుట్టా. ఫాల్ పొడుగు రెండున్నర మీటర్లు, అంటే సుమారు వంద అంగుళాలు. కింది అంచు, పై అంచు కలిపి రెండొందలు. అంగుళానికి మూడు కుట్లు చొప్పున ఆరొందల కుట్లు! చీర బయటి వైపు ఒక్కటీ కనిపించకూడదు. నాకు రెండున్నర గంటలు పట్టింది, మెడ పట్టేసింది. అమ్మకి గంట చాలు. గంట పనికి, ఆరొందల కుట్లకి పదిహేను రూపాయలు. దాన్ని మేమంతా ‘ఖాళీ’ అన్నాం.

ఇది మా ఇంటి కథొక్కటే కాదు. మాకు పక్కనే ఉన్న నరసాపురం లేసు అల్లికలకి ప్రపంచమంతా పేరుంది. 2024లో జీఐ గుర్తింపు వచ్చింది. సన్నటి కొక్కెం సూది, తెల్లటి నూలు దారం, గంటల తరబడి వంచిన తల.. ఆ లేసు తయారయ్యేది ఇళ్ల అరుగుల మీదే. జర్మనీకి చెందిన సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ వీళ్ల మీద ‘ద లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్’ అనే పుస్తకమే రాశారు. 1982లో వచ్చింది. ఆమె చూపించింది ఏంటంటే, లేసు విదేశీ మార్కెట్లకి వెళ్తుంది, లాభాలు వస్తాయి. కానీ అల్లిన ఆడవాళ్లని మాత్రం ‘ఇంట్లో ఉండి తీరిక వేళల్లో ఏదో అల్లుకునే గృహిణులు’ అంటారు. అలా అన్నాక కూలి తక్కువిచ్చినా ఎవరూ అడగరు. ఆ పుస్తకం గురించి చదువుతుంటే నాకు మా గుమ్మమే గుర్తొచ్చింది.

అమ్మకి ఇప్పుడు దగ్గరి చూపు తగ్గింది. కుట్టగలదు కానీ సూదికి దారం ఎక్కించలేదు. అందుకని ఇంటికెళ్లిన ప్రతిసారీ ఒక పని చేస్తా. దారం రీలు తెంపకుండానే, కొసని వరసగా పది సూదుల బెజ్జాల్లోంచి పోనిచ్చి వదిలేస్తా. కావాల్సినప్పుడు మొదటి సూదితో కావాల్సినంత దారం లాగి, మిగతా తొమ్మిదిటినీ రీలు వైపు జరిపి కత్తిరించుకోవడమే. మిగిలిన కొసని రీలుకి నొక్కి పెడితే సూదులు జారిపోవు. మీ ఇంట్లోనూ అమ్మమ్మో నానమ్మో ఉంటే చేసిపెట్టండి. ‘కాస్త ఈ దారం ఎక్కించు నాన్నా’ అని ఎవరినీ పిలవాల్సిన పని ఉండదు.

ఈ హాబీతో మీ డబ్బులు ఎంత మిగులుతాయో చెప్పలేను, దారాల పిచ్చి పడితే మిగలకపోవచ్చు కూడా. కానీ ఒకటి మాత్రం గ్యారంటీ. జాకెట్టుకి అంత తీసుకుంటారా, ఫాల్‌కి ఇంతా అని బేరమాడే ముందు నోరు ఆగుతుంది. నేనైతే మా మాస్టర్ దగ్గర బేరం మానేశా.

ఈ ఆదివారం ఫోన్ ఓ అరగంట పక్కన పెట్టి, అల్మరా అడుగున ఉన్న చొక్కా బయటికి తీయండి. ఒక సూది, మోచేయంత దారం, ఒక అగ్గిపుల్ల చాలు. గుండీ కుట్టాక ఆ సూదిని పారేయకుండా ఓ బిస్కెట్ల డబ్బాలో పెట్టండి. మీ ఇంటికి ఆ డబ్బా తిరిగొచ్చినట్టే!