ధ్వనిని వడగట్టు విద్య: సింథసైజరు ఫిల్టరునకు లెక్కతో కట్టిన నమూనాలు

మన హైదరాబాదు నగరమునకు పడమటి భాగమున, మాదాపూరులో, సైబర్ టవర్సు అను భవనము 1998వ సంవత్సరము నవంబరు 22వ తేదీన నాటి ప్రధానమంత్రి శ్రీ అటల్ బిహారీ వాజపేయిగారిచే ప్రారంభింపబడెను. నాటినుండి హైటెక్ సిటీ యనియు సైబరాబాదనియు పిలువబడుచున్న ఆ ప్రాంతమున వేలకొలది జనులు కంప్యూటర్లయొద్ద పని చేయుచున్నారు. మన విద్యార్థులలో అనేకులు ముందు అచ్చటనే పని చేయగోరుచున్నారు. అచ్చట జరుగు పనులలో ముఖ్యమైనది యొకటి కలదు. లోకములోనున్న యొక వస్తువును లెక్కగా మార్చి, ఆ లెక్కను వస్తువునకు బదులుగా వాడుకొనుటయే ఆ పని. దీనిని నమూనా కట్టుట యందురు. నమూనా అసలును ఎంతవరకు పోలియున్నది, ఎచ్చట పోలిక తప్పినది అను ప్రశ్న ప్రతి నమూనాకును ప్రాణము వంటిది. ఈ ప్రశ్నను మన చెవులతోనే పరీక్షించి తెలిసికొనుటకు వీలైన యొక చిన్న యుదాహరణమును ఇచ్చట వివరింపదలచితిని. అది సింథసైజరు అను విద్యుద్వాద్యములోని ఫిల్టరు, అనగా ధ్వనిని వడగట్టు భాగము.

ఫిల్టరు అననేమి?

విద్యార్థులారా, ఒకే శ్రుతిలో ఊపిరి విడువక "ఆ" అని మొదలిడి మెల్లగా పెదవులు గుండ్రముగా మూయుచు "ఊ" వరకు రండి. శ్రుతి మారలేదు, కంఠము చేయు పనియు మారలేదు. అయినను ధ్వని వెలుగు తగ్గి మెత్తనయ్యెను. ఏలయన, కంఠమునుండి వెడలు నాదములో మూలస్వరముతోపాటు దానికి రెండింతలు, మూడింతలు, నాలుగింతలు పౌనఃపున్యము గల అతిస్వరములు అనేకములు కలవు. నోటి యాకారము వానిలో కొన్నిటిని పోనిచ్చుచు కొన్నిటిని అణచుచున్నది. పలుచని గుడ్డ నీటిని పోనిచ్చి మడ్డిని ఆపునట్లు, ఫిల్టరు కొన్ని అతిస్వరములను పోనిచ్చి కొన్నిటిని ఆపును.

ఈ విద్య మన నగరమునకు క్రొత్తది కాదు. 1998లోనే గచ్చిబౌలిలో స్థాపింపబడిన అంతర్జాతీయ సమాచార సాంకేతిక విజ్ఞాన సంస్థలో మాటల ధ్వనినిగూర్చి పరిశోధనలు జరుగుచున్నవి. ఆ సంస్థలో నాడు ఆచార్యులుగా నుండిన శ్రీ యజ్ఞనారాయణగారును, శ్రీ శ్రీరామమూర్తిగారును కలిసి 2008లో ప్రకటించిన పద్ధతి యొకటి పండితులలో ప్రసిద్ధము. మాటల ధ్వనిని సున్న పౌనఃపున్యమున అనునాదము గల ఫిల్టరుగుండ పంపి, స్వరతంత్రులు మూసికొను క్షణములను గుర్తించుటయే ఆ పద్ధతి. కనుక ఫిల్టరనునది వినోదమునకు మాత్రమే పనికివచ్చు వస్తువు కాదని గ్రహింపవలయును.

మోగ్‌గారి నిచ్చెన

అమెరికా దేశస్థుడగు రాబర్ట్ మోగ్ 1964లో విద్యుత్తుతో శాసింపబడు సింథసైజరును నిర్మించెను. ఆయన పేరు మన "మ్రోగు" అను క్రియను తలపించుట కేవలము యాదృచ్ఛికము. 1969లో అట్టి వాద్యమొకటి డేవిడ్ ట్యూడర్ అను సంగీతవేత్త సహాయముతో అహమదాబాదులోని జాతీయ డిజైను సంస్థకు వచ్చెను. ఆ సంవత్సరమే మోగ్‌గారి ఫిల్టరునకు అమెరికాలో పేటెంటు లభించెను. ట్రాన్సిస్టర్ల జతలు ఒకదానిపై నొకటి నిలిచి, నడుమ కెపాసిటర్లు అడ్డకర్రలవలె నుండుటచే దానికి నిచ్చెన ఫిల్టరని పేరు కలిగెను.

ఆ నిచ్చెనకు నాలుగు మెట్లు. కటాఫ్ అనబడు హద్దుకు చాల ఎగువనున్న స్వరములను ఒక్కొక్క మెట్టు, పౌనఃపున్యము రెండింతలైనప్పుడెల్ల, సగమునకు తగ్గించును. నాలుగు మెట్లు కలిసి పదునారవ వంతుకు తగ్గించును. దీనినే ఒక స్థాయికి 24 డెసిబెలులు అని చెప్పుదురు. ఫిల్టరునుండి వెలువడు ధ్వనిలో కొంత తలక్రిందులుచేసి మరల మొదటికే పంపినయెడల, హద్దువద్దనున్న స్వరము బలపడి పలుకును. ఇది అనునాదము. హద్దువద్ద నాలుగు మెట్లు దాటిన స్వరము నాలుగవ వంతగును గనుక, వెనుకకు పంపునది నాలుగింతలైనప్పుడు ఫిల్టరు తనంతట తానే ఈలవలె పలుకసాగును. అదే సమయమున హద్దుకు చాల దిగువనున్న మంద్రధ్వని అయిదవ వంతునకు దిగిపోవును. ఈ మంద్రలోపము మోగ్ వాద్యముయొక్క సహజలక్షణమని జ్ఞాపకముంచుకొనుడు. దీని ప్రయోజనము ముందు తెలియగలదు.

అన్ని ఫిల్టరులును ఇట్లే యుండవు. జపాను దేశపు రోలండ్ కంపెనీవారి టీబీ-303 అను యంత్రములో ట్రాన్సిస్టర్లకు బదులు డయోడ్ల నిచ్చెన యుండును. దాని మెట్లు ఒకదానిపై నొకటి ప్రభావము చూపుటచే స్వరపు రుచి మారును. 1982లో బొంబాయి వాద్యకారుడు చరణ్‌జీత్ సింగు ఈ యంత్రమును కూడ వాడి మన రాగములను వాయించి రికార్డు చేసెను. కోర్గ్ కంపెనీవారు 1978లో విడుదల చేసిన ఎమ్మెస్-20లోని ఫిల్టరు, శాలెన్, కీ అను ఇంజనీర్లు 1955లో ప్రకటించిన తరగతికి చెందినది. దానిలో వెనుకకు పంపు మార్గమున డయోడ్లు కాపలా యుండును. లోనికి వచ్చు ధ్వని బిగ్గరయైన కొలది అనునాదము అణగి, స్వరము కరకుగా మారును.

తీగెనుండి అంకెలలోనికి

ఆ పాత వాద్యములు అరుదైనవి, విలువ హెచ్చినవి. వేడిమి మారినప్పుడు వాని శ్రుతియు మారును. కావున వానిని సాఫ్టువేరుగా వ్రాయు ప్రయత్నములు సాగినవి. కంప్యూటరు ధ్వనిని అఖండధారగా నెరుగదు. క్షణమునకు 44,100 మారులు కొలిచిన అంకెల వరుసగా మాత్రమే యెరుగును. ఇందువలన మూడు చిక్కులు కలిగినవి.

మొదటిది, ఆలస్యము. నిజమైన నిచ్చెనలో వెలువడిన ధ్వని తక్షణమే మొదటికి చేరును. లెక్కలోనైతే, ఫలితము తెలిసినగాని ఫలితమును కట్టజాలము. సులభోపాయము, వెనుకటి కొలతలోని ఫలితమును వాడుట. 1996లో స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమునకు చెందిన స్టిల్సన్, స్మిత్ అనువారు ఈ ఫిల్టరును లెక్కలోనికి తెచ్చుటయందలి కష్టములను విమర్శించిరి. ఒక కొలత ఆలస్యము 440 హెర్ట్‌జుల స్వరమునకు ఇంచుమించు 3.6 డిగ్రీల తేడా మాత్రమే. 10,000 హెర్ట్‌జుల స్వరమునకో, సుమారు 82 డిగ్రీలు! కావున క్రింది స్వరములలో సరిగా పలికిన నమూనా పై స్వరములలో శ్రుతి తప్పును. ఆలస్యములేకుండ సమీకరణమునే సాధించు పద్ధతిని వదీమ్ జవాలిషిన్ 2012లో వెలువడిన తన గ్రంథమున విపులముగా బోధించెను.

రెండవది, బలము. ట్రాన్సిస్టరు చిన్న ధ్వనిని ఉన్నదున్నట్లు పోనిచ్చును. పెద్ద ధ్వనిని హద్దు దాటనీయక మెత్తగా అణచును. దీనిని లెక్కించని నమూనా బిగ్గర ధ్వనియందు గాజువలె పలుచగా వినబడును. 2004లో ఫిన్లాండు దేశీయుడగు హువోవిలైనెన్ నాలుగు మెట్లలోను ఈ అణచివేతను చేర్చి నమూనాను ప్రకటించెను. 2013లో డాంజెలో, వాలిమాకి అనువారు దానిని మరింత మెరుగుపరచిరి.

మూడవది, మడత. బలమును అణచినప్పుడు క్రొత్త అతిస్వరములు పుట్టును. క్షణమునకు 44,100 కొలతలు గల లెక్క 22,050 హెర్ట్‌జులకు పైనున్న స్వరమును ఉంచుకొనజాలదు. అది వెనుకకు మడతపడి మరియొకచోట పలుకును. 5,000 హెర్ట్‌జుల స్వరమునకు ఏడింతలగు 35,000 హెర్ట్‌జుల అతిస్వరము 9,100 వద్ద వినబడును. అది మూలస్వరముతో ఏ విధమైన పొత్తును లేని అపస్వరము. కొలతలను రెండింతలో నాలుగింతలో చేయుట దీనికి మందు. అయితే కంప్యూటరుపై భారము హెచ్చును. బెర్లినులోని యూ-హీ కంపెనీవారు 2011లో విడుదల చేసిన దీవా అను సాఫ్టువేరులో నాలుగు తరగతుల కచ్చితత్వము ఏర్పరచుటకు కారణమిదియే. తక్కువ తరగతిలో పని వేగము. ఎక్కువ తరగతిలో స్వరము నిజము.

న్యాయముగా పోల్చు విధము

ఈ పరీక్షకు తలిదండ్రులు వ్యయమేమియు చేయనక్కరలేదు. సర్జ్ ఎక్స్‌టీ అను సాఫ్టువేరు ఉచితముగా లభించును. 2018లో దాని సోర్సుకోడు అందరికిని తెరువబడెను. అందులో నిచ్చెన ఫిల్టరునకే రెండు విధములైన లెక్కలు కలవు. ఒకటి 1900 ప్రాంతమున రుంగె, కుట్టా అను జర్మను గణితజ్ఞులు కల్పించిన పద్ధతిని అనుసరించినది. రెండవది హువోవిలైనెన్ మార్గము ననుసరించినది. ఇవిగాక డయోడ్ల నిచ్చెనయు, కోర్గ్ తరగతి ఫిల్టరును కలవు. విద్యార్థులు ఈ క్రమమున పోల్చవలెను.

మొదట, 110 హెర్ట్‌జుల రంపపు పలుతరంగమును రెండు ఫిల్టరులలోనికిని ఒకే బలముతో పంపవలెను. అనునాదము లేకుండ హద్దును మెల్లగా దించవలెను. నిచ్చెన నమూనాలు రెండింటి నడుమ తేడా కనుగొనుట ఇచ్చట చాల కష్టము.

రెండవది, అనునాదమును క్రమముగా హెచ్చించి మంద్రధ్వనిని గమనింపవలెను. మూడవది, లోనికి పంపు ధ్వని బలమును హెచ్చించి కరకుదనమును వినవలెను. నాలుగవది, రంపపు తరంగమును ఆపి, ఫిల్టరు ఈల వేయునట్లు చేసి, పై స్థాయిలలో శ్రుతి నిలుచునో తప్పునో శ్రుతి చూచు యంత్రముతో కొలువవలెను. ఒక్కొక్కమారు ఒక్కదానినే మార్చవలెను. రెండింటిని ఒకేమారు మార్చినవాడు కారణము నెరుగజాలడు.

మరి రెండు జాగ్రత్తలు కలవు. బిగ్గరగా పలుకునది మేలైనదని చెవి మోసపోవును. కావున రెండింటి బిగ్గరదనమును సమానము చేసిన పిమ్మటనే తీర్పు చెప్పవలెను. సామెతల గ్రంథము దొంగత్రాసును నిందించుచున్నదని మనమెరుగుదుము. బిగ్గరదనము సమానము చేయని పోలికయు దొంగత్రాసే. ఇక, ఏ ఫిల్టరు వినుచున్నదియు వినువానికి తెలియకూడదు. తోటి విద్యార్థి పదిమారులు తన యిష్టము వచ్చినట్లు మార్చి వినిపింపగా, వినువాడు తొమ్మిదిమారులకు తక్కువకాకుండ సరిగా చెప్పెనేని, అతడు నిజముగా తేడా వినుచున్నాడని నమ్మవచ్చును. కేవలము ఊహతో అట్లు చెప్పగలుగుట 1,024 అవకాశములలో 11 మాత్రమే.

ఏది మేలు?

సర్జ్‌లోని నిచ్చెనలకు మంద్రలోపమును సరిదిద్దు రూపములును కలవు. అనునాదము హెచ్చినను వానిలో మంద్రము నిలుచును. వినుటకు ఇంపుగా నుండును. కాని మోగ్‌గారి నిచ్చెనలో మంద్రము తగ్గునని పైన చెప్పితిమి. కావున ఇంపైన రూపము అసలునకు దూరమైనది. లోపము గల రూపము అసలునకు దగ్గరది. పాటకు మంద్రము కావలసినవాడు మొదటిదానిని కోరుకొనుటలో తప్పులేదు. అయితే "ఇదియే మోగ్ ధ్వని" అని అతడు చెప్పరాదు. ఇంపుగా నుండుట వేరు, నిజముగా నుండుట వేరు. రెండింటికి ఒకే పేరు పెట్టుటవలననే వాదములు పుట్టుచున్నవి.

మరియొక సంగతి. నమూనాలన్నియు మెల్లని ధ్వనిలో, నడిమి స్వరములలో, అనునాదము లేనప్పుడు, ఒకదానినొకటి పోలియుండెను. బలము, ఎత్తు, అనునాదము హెచ్చినప్పుడే వాని నిజస్వరూపము బయటపడెను. ఫిల్టరు తప్పినయెడల ఒక పాట మాత్రమే చెడును. కాని వంతెన బరువును, వరద మట్టమును, రోగికి ఈయవలసిన మందును నేడు ఇట్టి నమూనాలతోనే లెక్కించుచున్నారు. సాధారణ దినమున సరిగా చెప్పిన లెక్క ఆపద దినమున తప్పినయెడల మనుష్యులు నష్టపోవుదురు.

కావున రేపు సైబరాబాదులో గాని మరెచ్చట గాని నమూనాలు కట్టబోవు విద్యార్థులారా, "నా నమూనా పని చేయుచున్నది" అని చెప్పి తృప్తి చెందకుడు. "ఇంతవరకు నమ్మవచ్చును, ఇచ్చటనుండి నమ్మరాదు" అని హద్దును వ్రాసి చూపుడు. హద్దును దాచని లెక్కయే నమ్మదగిన లెక్క.