శ్రామికునకు పీఠము

పట్టణపు కూడలిలో ఎవరి విగ్రహమును నిలుపుదుమో, వారినే మన బిడ్డలు పూజ్యులని నేర్తురు. దత్తమండలముల కలెక్టరై, పిదప మదరాసు గవర్నరైన సర్ థామస్ మన్రోకు 1839లో చెన్నపట్టణమున అశ్వారూఢ విగ్రహము నెలకొల్పిరి. దానికి రికాబులు లేవన్న వింతయే నేటికిని జనులకు ముచ్చట.

అచటికి అనతిదూరమునగల మెరీనా తీరమున దేవీప్రసాద్ రాయ్ చౌధురి శిల్పము 1959 నుండి వేఱొక పాఠము చెప్పుచున్నది. నలుగురు శ్రామికులు ఒక్క పట్టుగా బండను పెకలించుచున్నారు. వారికి పేరు లేదు, బిరుదము లేదు, గుఱ్ఱము లేదు. బిగిసిన కండరములే వారి యాభరణములు. చూచుటకు రుసుము లేదు. గంప నెత్తికెత్తుకొన్న బెస్త యువతియు, మోటారులో నేగు ధనికుడును సమానముగా దర్శింతురు.

మన తెలుగు పట్టణముల కూడళ్లు నాయకుల విగ్రహములతో నిండియున్నవి. వారిని గౌరవింపవలదని మేమనము. కాని కాలువలు త్రవ్వి, పొలములు దున్ని, మనకన్నము పెట్టిన పేరులేనివారికి ఒక్క పీఠమైన వలదా? పురపాలక సంఘములును, రైతు పెద్దలును యోచింతురుగాక!