చివరి నట్టు

సైకిలు కొనేవాడు రంగు చూస్తాడు, గంట మోగించి చూస్తాడు, వెల బేరమాడతాడు. నట్లన్నీ బిగిశాయా అని అడిగేవాడు అరుదు.

సూరత్ నగరానికి నైరుతి దిక్కున ఉన్న ఆల్థాన్ ఒకప్పుడు పల్లె. నేడు ఎత్తయిన భవనాల పేట. తెలంగాణ జిల్లాల నుంచి వలస వచ్చిన పద్మశాలి కుటుంబాలెన్నింటికో ఈ నగరపు మరమగ్గాలే జీవనాధారం. ఇటువంటి నగరంలో షిఫ్టుకు పోయే కార్మికునికీ, బడికి పోయే బాలునికీ సైకిలు విలాసం కాదు, అవసరం. దాని మీద నడిచేది బతుకే కాదు, ప్రాణం కూడా.

సాధారణంగా కొత్త సైకిలు సంపూర్ణ రూపంతో దుకాణానికి రాదు. లుధియానా వంటి చోట్ల తయారై, చక్రాలు వేరుగా, హ్యాండిలు వేరుగా కట్టలుగా వస్తుంది. దానిని కూర్చేవాడు దుకాణంలోని ఫిట్టరు. అనగా, కర్మాగారం చేయవలసిన చివరి పని వీధి పక్కన జరుగుతుందన్నమాట! సైకిలు భద్రతకు మన దేశంలో ఐ.ఎస్. 10613 అనే ప్రమాణం ఉన్నది, అంతర్జాతీయంగా ఐ.ఎస్.ఓ. 4210 ఉన్నది. అయితే ఏ ప్రమాణమూ తనంతట తాను పానా పట్టుకొని నట్టు బిగించదు గదా!

పెడళ్ల సంగతే చూడండి. కుడి పెడలును కుడివైపు తిప్పి బిగించాలి. ఎడమదానిని ఎడమవైపు తిప్పి బిగించాలి. తొక్కేకొద్దీ మర వదులు కాకుండా చేసిన ఏర్పాటిది. విమానం కనిపెట్టక మునుపు సైకిళ్ల వ్యాపారం చేసిన రైట్ సోదరులు 1900లో ఊడిరాని పెడళ్లంటూ దీనినే చాటుకున్నారు. తొందరలో ఒకదాని చోట మరొకటి బలవంతాన ఎక్కిస్తే క్రాంకులోని మర అరిగిపోతుంది. ఒకనాడు నడిరోడ్డులో పెడలు కాలి కింద నుంచి జారిపోతుంది.

బ్రేకు రబ్బరును పట్టి ఉంచే రేకు తొడుగుకు ఒక కొస మూసి, రెండవ కొస తెరిచి ఉంటుంది. మూసిన కొస ముందుకు ఉండాలి. తలకిందులుగా బిగిస్తే, బ్రేకు నొక్కగానే తిరిగే చక్రమే రబ్బరును బయటికి లాగివేస్తుంది. రక్షణ కోరిన క్షణమే రక్షణ పోతుంది! పైగా తడిసిన ఉక్కు రిమ్ము మీద బ్రేకు పట్టు ఎంతో తగ్గుతుంది. వానాకాలం సూరత్‌కు కొత్త కాదు. 2006 ఆగస్టులో తాపీ వరద నగరాన్నే ముంచెత్తింది.

హ్యాండిలు కాడ మీద ఒక గీత ఉంటుంది. ఆ గీత పైకి కనబడితే కాడ చాలినంత లోపలికి దిగలేదని అర్థం. క్రాంకు పిన్నును సుత్తితో సరిగా దిగగొట్టి, ఆపైన నట్టు బిగించాలి. కొత్త బండి కొన్నాళ్లు తిరిగాక తీగలు సాగుతాయి, పిన్నులు కుదురుకుంటాయి. మరల ఒకసారి బిగించవలసిందే.

తప్పంతా ఫిట్టరుదేనా? బండికి ఇంత అని కూలి కట్టి తొందరపెట్టే యజమానికీ, అరిగిన బ్రేకు రబ్బరుకు నాలుగు రూపాయలు వెచ్చించ వెనుకాడే గిరాకీకీ అందులో పాలున్నది. రబ్బరు మార్చనిదే బండి ఇవ్వనని మొండికేసే మెకానిక్కును గిరాకీలు విసుక్కోవచ్చు. కాని అతడు అమ్ముకుంటున్నది రబ్బరు ముక్కను కాదు. ఆ బాలుడు సాయంత్రం ఇల్లు చేరతాడన్న భరోసాను.

బండి తీసుకునేటప్పుడు రెండు బ్రేకులూ నొక్కి చూడండి. చక్రం ఎత్తి తిప్పి చూడండి. ముందు చక్రాన్ని మోకాళ్ల నడుమ ఇరికించి హ్యాండిలును మెలిపెట్టి చూడండి. పట్టుమని రెండు నిమిషాల పని. చివరి నట్టు బిగిసిన తరువాతనే గంట మోగించండి.