కొంగుముడి చాలదు

"వచ్చేటప్పుడు మా అమ్మకు బి.పి. మాత్రలు తీసుకురండి" అని ఉదయం భార్య చెబుతుంది. భర్త మనస్ఫూర్తిగానే "సరే" అంటాడు. సాయంత్రం బస్సు దిగి, మందుల షాపు ముందునుంచే నడిచి వస్తాడు. గుమ్మంలో అత్తగారు కనబడగానే నాలుక కరచుకుంటాడు. "మా అమ్మంటే మీకు లెక్కలేదు" అన్న మాట వస్తుంది. ఆ రాత్రి ఎవరికీ అన్నం సయించదు.

ప్రియ చదువరులారా, అది నిజంగా లెక్కలేనితనమేనా?

జరిగిపోయినది జ్ఞాపకం తెచ్చుకోవడం వేరు, చేయవలసినది సమయానికి జ్ఞాపకం రావడం వేరు. మొదటిదానికి అడిగేవారుంటారు. రెండవదానికి ఎవరూ అడగరు. వేరే ఆలోచనలో ఉన్న మనస్సు తనంతట తానే ఆగి "ఇప్పుడు" అనుకోవాలి. అందుకే చిన్ననాటి సంగతులు పొల్లుపోకుండా చెప్పేవారు కూడా పొయ్యిమీద పాలు మరచిపోతారు.

అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఐన్‌స్టీన్ (ఈయన వేరు), మెక్‌డానియల్ 1990లో ఈ జ్ఞాపకాన్ని రెండు రకాలుగా విడదీశారు. "ఎనిమిదింటికి మాత్ర వేసుకోవాలి" అన్నది గడియారాన్నిబట్టి. "టిఫిను తినగానే వేసుకోవాలి" అన్నది మరొక పనినిబట్టి. మొదటిదానిలో ఎదురుగా నిలిచి గుర్తుచేసేది ఏదీ ఉండదు గనుక మరపు ఎక్కువ, ముఖ్యంగా పెద్దవారికి.

మన అమ్మమ్మలు చీరకొంగుకు ముడి వేసుకునేవారు. ముడి "ఏదో ఉంది" అంటుంది గాని, అదేమిటో, ఎక్కడ చేయాలో చెప్పదు. జర్మన్ మనస్తత్వ శాస్త్రజ్ఞుడు పీటర్ గోల్విట్జర్ 1999లో ప్రచురించిన వ్యాసంలో ఆ లోటు తీరే మార్గం ఉంది. "తప్పక చేస్తాను" అనుకోవడం చాలదు. "ఫలానాది ఎదురైనప్పుడు ఫలానా పని చేస్తాను" అని ముందే నిర్ణయించుకున్నవారు ఆ పని నెరవేర్చడం ఎక్కువ.

మాత్రల విషయంలో మరో ప్రమాదం ఉంది. రోజూ చేసే పని గనుక, వేసుకున్నామో లేదో తెలియక రెండవసారి వేసుకుంటాం. ఏడు రోజులకు ఏడు గదులున్న డబ్బా ఉంటే, ఖాళీ గదే జవాబు చెబుతుంది. ఫోనులో అలారం మంచిదే. అయితే మోగగానే ఆపి "తర్వాత చూద్దాం" అనుకుంటే, పని మళ్లీ మరపున పడుతుంది.

కాబట్టి రేపు ఉదయం భార్య ఖాళీ అయిన మాత్రల షీటును బస్సు చార్జీ డబ్బులతోపాటు భర్త జేబులో పెట్టవచ్చు. భర్త ఊరికే "సరే" అనక, "బస్సు దిగగానే, ఇంటివైపు తిరగకముందే కొంటాను" అనవచ్చు. మరచినవారిలో ప్రేమ లేదని తొందరపడి తీర్పు చెప్పకండి. చాలాసార్లు లేనిది ప్రేమ కాదు, దారిలో ఒక ఆనవాలు.