దేవుని యెదుట ఉన్నది ఉన్నట్టు



సుగర్ ఉన్నవారు కొందరు పరీక్షకు రెండు రోజుల ముందు నుంచే అన్నం మానేస్తారు. రాగి జావ తాగి, మూడో రోజు పరగడుపున వచ్చి రక్తం ఇస్తారు. రిపోర్టు చక్కగా ఉంటుంది, ముఖం కూడా వెలిగిపోతుంది. అయితే ఇప్పుడు మూడు నెలల సుగర్ పరీక్ష ఉంది, దానిని హెచ్‌బీఏ1సీ అంటారు. గడిచిన రెండు మూడు నెలల్లో సగటున సుగర్ ఎలా ఉన్నదో అది చెప్పేస్తుంది. క్రిస్మస్ అరిసెలు, కేకు అన్నీ అందులోకి వచ్చేస్తాయి! మేము నవ్వుతూనే అడుగుతాము, "ఎవరిని మోసం చేద్దామని బాబూ?" అని. డాక్టరుగారికి అబద్ధం చెబితే మందు మోతాదు కూడా ఆ అబద్ధం ప్రకారమే వ్రాస్తారు గదా. తాగుడు అలవాటు దాచి ఆపరేషన్‌కు వచ్చినవారికి రెండు మూడు రోజులకు చేతులు వణకడం, మతి తప్పినట్టు మాట్లాడడం, ఒక్కోసారి ఫిట్స్ రావడం మేము చూస్తూనే ఉంటాము. ముందే చెబితే దానికి మందు ఉంది.

డాక్టరు దగ్గర దాచినట్టే దేవుని దగ్గర కూడా దాస్తాము. ఆయనకు తెలియదని కాదు. ఆయనతో అలా మాట్లాడకూడదని మనకు ఎవరో నేర్పించారు.

వార్డులో పగలు వినిపించే ప్రార్థనలు వేరు, రాత్రి వినిపించేవి వేరు. ఉదయం సంఘస్తులు మంచం చుట్టూ నిలబడినప్పుడు రోగి ఎంతో క్రమంగా స్తోత్రములు చెల్లిస్తాడు. రాత్రి రెండు గంటలకు అదే మనిషి గోడవైపు తిరిగి, "నాకే ఎందుకయ్యా ఇలా చేశావు" అని ఏడుస్తాడు. మా నైట్ డ్యూటీ సిస్టర్లను అడిగితే రెండోది కూడా ప్రార్థనే అంటారు. మాకైతే అదే అసలు ప్రార్థన అనిపిస్తుంది.

ప్రసూతి వార్డులో ఒక తల్లి బిడ్డ మూడో రోజున చనిపోయింది. చూడవచ్చిన స్త్రీలు మంచివారే, ప్రేమతోనే వచ్చారు. "ఏడవకూడదమ్మా, అది అవిశ్వాసం. స్తోత్రం చెప్పు" అన్నారు. ఆమె చెప్పింది. ఆ తరువాత రెండు రోజులు అన్నం ముట్టలేదు, ఎవరితోనూ మాట్లాడలేదు. మూడో రాత్రి మా సిస్టరును పిలిచి మెల్లగా అడిగింది, "దేవుని మీద కోపం వస్తే నరకానికి పోతామా అక్కా?" సిస్టరు జవాబేమీ చెప్పక, బైబిలు తెచ్చి 88వ కీర్తన మొదటి నుంచి చివరి వరకు చదివింది. చదవడం అయిపోయాక ఆ తల్లి అడిగిన మాట: "ఇది నిజంగా బైబిల్లో ఉందా?"

ఉంది. కీర్తనల గ్రంథములో 150 కీర్తనలున్నాయి. వాటిలో దాదాపు మూడో వంతు మొరలు, ఫిర్యాదులే. చాలా వాటిలో చివరకు స్తుతి వస్తుంది గాని ఈ 88వ కీర్తన చీకటితోనే ముగుస్తుంది. ఓదార్పు మాట ఒకటి అతికించి ఉండవచ్చు, అలా చేయలేదు. హన్నా గుడిలో పెదవులు కదుపుతూ ప్రార్థిస్తుంటే యాజకుడైన ఏలీ ఆమె తాగి ఉన్నదనుకున్నాడు. ఆమె తన మనోదుఃఖమంతా దేవుని ముందు కుమ్మరిస్తోంది. యోబు అయితే దేవునితో వాదానికే దిగాడు. ఆఖరున దేవుడు కోపపడింది యోబు మీద కాదు, దేవుని పక్షాన అందంగా మాట్లాడిన ఆ స్నేహితుల మీద. పరామర్శకు వెళ్ళేవారందరము ఆ 42వ అధ్యాయం ఒకసారి చదువుకొని వెళ్ళడం మంచిది. మన ప్రభువే గెత్సేమనేలో ఆ గిన్నె తన యొద్దనుండి తొలగించమని అడిగారు గదా.

మదర్ థెరీసా గారి ఉత్తరాలు ఆమె మరణించిన పదేళ్ళకు, 2007లో పుస్తకంగా వచ్చాయి. దేవుడు దగ్గర లేడన్నంత చీకటి తన లోపల ఎన్నో ఏళ్ళు ఉన్నదని ఆమె తన ఆత్మీయ గురువులకు వ్రాసుకున్నారు. అది చదివి కొందరు విస్తుపోయారు. రోగుల పుండ్లు కడిగిన చేతులతోనే ఆ ఉత్తరాలు కూడా వ్రాశారని మాకు తోచింది.

ఆ తల్లి ఇప్పుడు మందిరానికి వస్తోంది. జవాబు రాలేదనే అంటోంది. కోపంగానే వచ్చి కూర్చుంటుంది, అయితే ఇప్పుడు ఆయనతో మాట్లాడుతోంది.

ఇంకొక సంగతి చెప్పక తప్పదు, కొందరికి నచ్చకపోవచ్చు. ఒక సహోదరుడు తనకు సుగర్ వ్యాధి నయమైందని సంఘములో నిలబడి సాక్ష్యం చెప్పి మాత్రలు మానేశాడు. కొన్ని వారాలకే విపరీతమైన దాహం, రాత్రుళ్ళు పదే పదే మూత్రం. అతనికి అర్థమైంది. కానీ సాక్ష్యం చెప్పాక ఓ.పి. వరుసలో ఎవరికంట పడతాడు? సుగర్ చాలాకాలం అదుపు తప్పితే పాదాల్లో స్పర్శ తగ్గుతుంది, పుండు పడినా నొప్పి తెలియదు. మా దగ్గరకు వచ్చేసరికి కాలి వేలు నల్లబడింది, తీసేయవలసి వచ్చింది. డ్రెస్సింగ్ చేస్తుండగా అన్నాడు: "మనుషులకు చెప్పలేకపోవడం సరే సిస్టరమ్మా. నయమైందని రోజూ దేవునికే కృతజ్ఞత చెప్పేవాణ్ణి, కాలేదని తెలిసి కూడా."

దేవుడు స్వస్థపరచునని మేము నమ్ముతాము. ఇక్కడ ఆపరేషన్‌కు ముందు ప్రార్థన చేస్తాము. కానీ యేసు ప్రభువు పదిమంది కుష్ఠరోగులను పంపింది ఎక్కడికి? యాజకుల దగ్గరకు. ఆ రోజుల్లో చర్మం పరీక్షించి శుద్ధుడని తేల్చేది వారే. నిజమైన స్వస్థత రక్తపరీక్షకు భయపడదు. నయమైందనిపిస్తే రండి, పరీక్ష చేయించుకోండి, మాత్రల సంగతి డాక్టరుగారు చెబుతారు. నయం కాలేదని తెలిస్తే అది కూడా సంఘములో చెప్పగలిగే ధైర్యం మన కాపరులు మనకివ్వాలి.

మాటలు రానివారు 13, 42, 88 కీర్తనలను పైకి చదువుకోవచ్చు. నర్సుల బల్ల దగ్గర బైబిళ్ళుంటాయి, పెద్ద అక్షరాలది కూడా ఉంది. పరామర్శకు వచ్చేవారు రోగి ఏడుస్తుంటే ఆపవద్దు, స్టూలు లాక్కొని పక్కన కూర్చుంటే చాలు. మా సిస్టర్లు ప్రార్థన చేయమంటారా అని అడిగినప్పుడు "ఈ రోజు వద్దమ్మా" అనాలనిపిస్తే అదే చెప్పండి. మేమేమీ అనుకోము. మరునాడు డ్రెస్సింగ్ ట్రే తెచ్చినప్పుడు మళ్ళీ అడుగుతాము.