కన్నుగల కాలింగ్ బెల్

తలుపు తట్టినవారు ఎవరో తలుపు తీయకముందే తెలుసుకోవాలన్న కోరిక గృహస్థులకు కొత్తది కాదు. వెనుకటి ఇళ్లలో కిటికీ రెక్క ఓరగా తీసి చూసేవారు. తరువాత తలుపుకే రంధ్రం చేసి అందులో చిన్న కటకం అమర్చడం వచ్చింది. ఈ కోరికకు విద్యుత్ సాధనాలతో రూపమిచ్చినవారిలో ముందుగా పేర్కొనదగినది న్యూయార్క్ నగరంలోని క్వీన్స్ ప్రాంతపు నర్సు మేరీ వాన్ బ్రిటన్ బ్రౌన్. ఆమె తన భర్త ఆల్బర్ట్ బ్రౌన్‌తో కలిసి 1966లో పేటెంటుకు దరఖాస్తు చేయగా 1969 డిసెంబరులో అది మంజూరైనది. తలుపునకు వేర్వేరు ఎత్తులలో రంధ్రాలు, వాటి వెంట పైకీ క్రిందికీ జరిగే కెమెరా, లోపలి గదిలో టెలివిజన్ తెర, బయటివారితో మాటలాడే సాధనం, మీట నొక్కితే తెరుచుకునే గడియ: నేటి వీడియో డోర్ బెల్‌లోని ముఖ్యాంగాలు చాలావరకు అందులోనే కనిపిస్తున్నవి. అయితే ఆ దంపతుల యంత్రంలో వాకిటి దృశ్యం ఇంటి లోపలి తెరకు చేరేది. నేటి యంత్రాలలో అది ఎక్కడెక్కడికి చేరుతున్నదన్నదే మనం ఆలోచించవలసిన విషయం. బజారులో దొరికే రకాలను ధరను బట్టి గాక, ఈ ప్రశ్నను బట్టి విభజించుకోవడం మేలని మా అభిప్రాయం.

మొదటి రకం ఇంటర్నెట్‌పై ఆధారపడినది. బెల్‌లోని కెమెరా దృశ్యాన్ని ఇంటిలోని వై-ఫై రూటరుకు, రూటరు దానిని ఎక్కడో దూరాన ఉన్న కంపెనీవారి కంప్యూటర్లకు పంపుతవి. అక్కడినుండి మన సెల్‌ఫోనుకు వస్తుంది. 2013లో డోర్‌బాట్ పేరుతో వచ్చి, మరుసటి ఏట రింగ్‌గా పేరు మార్చుకొని, 2018లో అమెజాన్ సంస్థ చేతికి వెళ్లినది ఈ కోవకు చెందినదే. దీని ప్రయోజనం నిజంగా గొప్పది. కుమారుడు జెద్దాలోనో డాలస్‌లోనో ఉండగా గుంటూరులో వృద్ధులైన తల్లిదండ్రులు ఒంటరిగా ఉన్నారనుకోండి, గంట మ్రోగగానే అతడు అక్కడినుండే వచ్చినవారిని చూసి, “ఎవరు కావాలండీ?” అని అడుగవచ్చు. కాని పలు కంపెనీల యంత్రాలలో గడిచిన దృశ్యాలను తిరిగి చూడాలంటే నెలనెలా చందా కట్టవలసి ఉంటుంది. అంతకన్న పెద్ద చిక్కు మరొకటి ఉన్నది. రింగ్ సంస్థ తన ఉద్యోగులు, కాంట్రాక్టర్లు వినియోగదారుల స్వంత వీడియోలను చూడగలిగే స్థితి కల్పించిందని 2023లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ అభియోగం మోపినది. వ్యవహారం 58 లక్షల డాలర్ల చెల్లింపుతో పరిష్కారమైనది.

రెండవ రకంలో దృశ్యాలు మన ఇంటిలోనే నిలువ ఉంటవి. కొన్నింటిలో మెమరీ కార్డు బెల్‌లోనే ఉంటుంది. దొంగ బెల్‌నే పెరికి పట్టుకుపోతే సాక్ష్యం కూడా వానితోనే పోతుంది! నిలువ చేసే పెట్టె గది లోపల ఉండే రకం ఇంతకన్న నయం. మూడవది ఇంటర్నెట్ ప్రసక్తే లేనిది. బెల్ నుండి రేడియో తరంగాల ద్వారా ఇంటిలోని చిన్న తెరకు దృశ్యం నేరుగా చేరుతుంది. ఊరికి వెళ్లినప్పుడు ఇది అక్కరకు రాదు. అంతమాత్రాన దీనిని చులకన చేయరాదు. స్మార్ట్‌ఫోను అలవాటు లేని పెద్దలు ఇంటిపట్టున ఉండేచోట ఇదే సులభమైనది.

“తీగలేనిది” అన్న మాటను గూర్చి కొంత జాగ్రత్త అవసరం. దృశ్యం తీగ లేకుండా పోవడం వేరు, కరెంటు తీగ అవసరం లేకపోవడం వేరు. బ్యాటరీ రకం సాధారణంగా నిద్రావస్థలో ఉండి, మనిషి శరీరపు వేడి కదలికను పసిగట్టినప్పుడు మేల్కొంటుంది. అందుచేత కొన్నింటిలో మనిషి వచ్చిన తొలి క్షణాలు నమోదు కావు. పడమటి ఎండ నేరుగా తగిలే వాకిలిలో లిథియం బ్యాటరీ ఆయువు తగ్గుతుంది. కరెంటు తీగతో పనిచేసే రకాలలో అమెరికా పద్ధతివి 16 నుండి 24 వోల్టులకు తయారైనవి. మన ఇళ్లలోని కాలింగ్ బెల్‌కు సామాన్యంగా 230 వోల్టుల కరెంటు నేరుగా వస్తుంది కావున, తగిన ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా తగిలిస్తే యంత్రం మాడిపోతుంది, ప్రాణాపాయమూ కలుగవచ్చు. కరెంటు పోయినప్పుడు బెల్‌లో బ్యాటరీ ఉన్నా రూటరు ఆగిపోతే ఫోనుకు ఏదీ రాదు. రూటరును ఇన్వర్టరుకు కలిపి ఉంచుకోవాలి.

ఇక పొరుగువారి మాట. 2021లో ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్ కౌంటీ న్యాయస్థానం, ఒక ఇంటి డోర్ బెల్, కెమెరాలు పొరుగింటావిడ వ్యక్తిగత సమాచార హక్కుకు భంగం కలిగించినవని తీర్పు చెప్పినది. దృశ్యం కన్న, దూరాన మాటలాడుకునే మాటలను సైతం పట్టే శబ్దగ్రహణ శక్తినే న్యాయమూర్తి తీవ్రంగా ఆక్షేపించారు. మన దేశంలో 2017లో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ఏకాంత జీవన హక్కును ప్రాథమిక హక్కుగా గుర్తించినది. అయినను 2023 నాటి వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టం, ఒక వ్యక్తి తన స్వంత లేక గృహావసరానికి సమాచారం వాడుకొనడాన్ని తన పరిధినుండి మినహాయించినది. కనుక ఎదురింటివారి గడప మన కెమెరాలో పడకుండా చూసే బాధ్యత చాలావరకు మనపైనే ఉన్నది.

ఇరుకు గల్లీలలో, అపార్టుమెంటు వరండాలలో తలుపులు ఎదురెదురుగా ఉంటవి. ఎదురింటి స్త్రీలు ముగ్గు వేసుకొనే వేళ, పిల్లలు ఆడుకునే వేళ మన బెల్ కన్ను తెరిచే ఉంటుంది. బిగించే రోజుననే ఫోనులో ఏమేమి కనిపిస్తున్నదో పరీక్షించి, ఎదుటి తలుపు కనిపిస్తే క్రింద కోణపు బిళ్ళ వేసి కటకాన్ని ప్రక్కకు త్రిప్పాలి. కొన్ని యంత్రాలలో దృశ్యంలోని ఒక భాగాన్ని నల్లగా కప్పివేసే ఏర్పాటు, శబ్ద నమోదును ఆపివేసే మీట కూడా ఉన్నవి. కొనే ముందు దుకాణదారును ఈ రెండింటిని గూర్చి అడగండి.