ఆఫీసులో ఉన్న కాగితం మన చేతికెట్లా వస్తుంది?

– హాస్టల్ పూర్వ విద్యార్థి, ఎం.ఏ.



మన వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని అడిగినప్పుడు కవిత రాయాలా, జ్ఞాపకాలు రాయాలా అని రెండు రోజులు ఆలోచించాను. కవితలు రాసేవాళ్లు మన హాస్టల్లో ప్రతి గదికీ ఇద్దరున్నారు కాబట్టి ఆ పని వాళ్లకే వదిలేశాను. మనలాంటి ఇళ్లలో ఎవరూ నేర్పని ఒక పని గురించి రాస్తున్నాను. పంచాయతీలోనో, మండలాఫీసులోనో ఉన్న రికార్డు నకలును మనం అడిగి తీసుకోవడం ఎలా అన్నదే ఆ పని.

మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చింది నేనే మొదలు. డిగ్రీలో చేరిన రోజు నుంచి మా వీధిలో ఎవరికి ఏ కాగితం వచ్చినా నా దగ్గరికే తెచ్చేవాళ్లు. మీక్కూడా ఇది తప్పదు. కరెంటు బిల్లు, బ్యాంకు నోటీసు, పాసుపుస్తకం చదివి చెప్పడం సులభమే. అసలు చిక్కు ఇంటికి రాని కాగితాలతోనే. అవి ఆఫీసు బీరువాలో ఉంటాయి. మన పేరు, మన భూమి, మన కూలి వాటిలో రాసి ఉంటాయి, మనం మాత్రం చూడలేం. చూపించమంటే "రేపు రాప్పా" అంటారు.

దీనికోసమే సమాచార హక్కు చట్టం వచ్చింది. 2005 జూన్ 15న రాష్ట్రపతి ఆమోదం పొంది, అదే సంవత్సరం అక్టోబరు 12 నుంచి పూర్తిగా అమలులోకి వచ్చింది. దీని మూలం ఢిల్లీలో కాదు, రాజస్థాన్ పల్లెల్లో ఉంది. అది కూడా మన అనంతపురం లాగే కరువు ప్రాంతం. 1990లో అక్కడ ఏర్పడిన మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ అనే కూలీల, రైతుల సంస్థ కరువు పనుల మస్టర్లు, బిల్లులు తీసి ఊరి మధ్యలో అందరి ముందూ చదివించింది. ఆ కాగితాల నకళ్లు ఇవ్వాలని 1996లో బ్యావర్ పట్టణంలో 40 రోజులు ధర్నా చేశారు. ఆ ధర్నాలో కూర్చున్నవాళ్లలో చాలామందికి చదువు రాదు. చదువు రానివాళ్లు కాగితం కోసం కొట్లాడి తెచ్చిన చట్టమిది.

మన జిల్లాకు కూడా ఇందులో పాత్ర ఉంది. ఉపాధి హామీ పథకాన్ని 2006 ఫిబ్రవరి 2న దేశానికంతటికీ ప్రారంభించింది అనంతపురం జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలోనే. అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ వచ్చారు. అదే సంవత్సరం మన రాష్ట్రంలో సామాజిక తనిఖీలు మొదలయ్యాయి. కూలీల కుటుంబాల్లో చదువుకున్న పిల్లలే మస్టర్లు పట్టుకొని ఇంటింటికీ పోయి, "అవ్వా, నువ్వు ఈ వారం పనికి పోయినావా? ఇంత డబ్బు వచ్చిందా?" అని అడిగి రాసుకొనేవాళ్లు. తర్వాత మండలంలో ప్రజావేదిక పెట్టి అధికారుల ముందు చదివేవాళ్లు. పదో తరగతి చదివిన పిల్లలు చేసిన పని అది.

ఇక నాకు తెలిసిన ఒక సంగతి చెబుతాను. నేను డిగ్రీ రెండో సంవత్సరంలో ఉండగా మా అమ్మ అయిదు వారాలు ఉపాధి పనికి పోయింది. ఖాతాలో పడింది మూడు వారాల కూలే. మా గ్రూపులో ఇంకో నలుగురిదీ ఇదే కథ. ఆఫీసులో అడిగితే "పైనుంచి రాలేదు" అన్నారు. ఊర్లో మాత్రం "మేట్ తినేసినాడు" అన్న మాట పుట్టింది. మేట్ మా వీధివాడే, నాకు వరసకు మామ. ఆయన భార్య కుళాయి దగ్గరికి వస్తే మిగతావాళ్లు బిందెలు తీసుకొని పక్కకు జరిగే దాకా వచ్చింది.

సమాచార హక్కు కింద మూడే అడిగాను. ఆ అయిదు వారాల మస్టర్ల నకళ్లు, ఆ పని కొలతల పుస్తకంలో పేజీలు, ఆ మస్టర్లకు డబ్బు పంపిన ఉత్తర్వులు, వాటి ప్రస్తుత స్థితి. దరఖాస్తు తీసుకున్న ఉద్యోగి "ఏమప్పా, ఎందుకు నీకివన్నీ?" అన్నాడు. చట్టంలో సెక్షన్ 6(2) ప్రకారం కారణం చెప్పనక్కర లేదు. అదే మర్యాదగా చెప్పి రసీదు అడిగాను. 30 రోజులు గడిచినా జవాబు రాలేదు. మొదటి అప్పీలు వేశాను. తర్వాత పన్నెండు రోజులకు కాగితాలు వచ్చాయి.

చూస్తే మస్టర్లలో అమ్మకు అయిదు వారాలూ హాజరు ఉంది. డబ్బు కూడా పంపారు. రెండు వారాల డబ్బు మాత్రం ఖాతా నంబరు సరిపోక వెనక్కి తిరిగిపోయింది. కంప్యూటర్లో ఒక అంకె తప్పు పడింది. ఆ నలుగురిలో ముగ్గురిదీ అదే సంగతి. ఒకామె ఆధార్ లింకు తెగిపోయింది. అంటే మేట్ మామ ఒక్క రూపాయీ తినలేదు. మా అమ్మ ఆ కాగితాలు కొంగులో చుట్టుకొని ఆ సాయంత్రమే వాళ్లింటికి పోయింది. ఖాతా సవరించాక రెండు నెలలకు డబ్బు కూడా పడింది.

సమాచార హక్కు అంటే దొంగను పట్టుకోవడం అని చాలామంది అనుకుంటారు. దొంగ కానివాణ్ణి కాపాడడానికి కూడా ఆ కాగితమే పనికొస్తుంది. ఆ ఉపాధి హామీ చట్టం స్థానంలో 2025 డిసెంబరులో పార్లమెంటు వేరే చట్టం చేసింది. చట్టం మారినంత మాత్రాన పాత సంవత్సరాల మస్టర్లు అడిగే హక్కు పోదు.

ఇప్పుడు దరఖాస్తు సంగతి. దీనికి ప్రత్యేకమైన ఫారం లేదు, తెల్లకాగితం చాలు. తెలుగులో రాయవచ్చు. రాయడం రానివాళ్లు నోటితో చెబితే, దాన్ని రాతలో పెట్టడానికి సాయం చేయవలసిన బాధ్యత అధికారిదే. ప్రతి ఆఫీసులో పౌర సమాచార అధికారి అని ఒకరుంటారు. ఆయన పేరు, అప్పీలు వినే పై అధికారి పేరు బోర్డు మీద రాసి ఉండాలి. బోర్డు లేకపోయినా ఫరవాలేదు, హోదా పేరుతో రాస్తే చాలు. నమూనా ఇది:

పౌర సమాచార అధికారి గారికి,
మండల పరిషత్ అభివృద్ధి అధికారి కార్యాలయం, గోరంట్ల.
విషయం: సమాచార హక్కు చట్టం, 2005, సెక్షన్ 6(1) కింద సమాచారం కోరుట.
అయ్యా, మా గ్రామ పంచాయతీలో ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు ట్యాంకర్లతో నీళ్లు తోలిన పనికి సంబంధించి ఈ కింది రికార్డుల ధ్రువీకరించిన నకళ్లు ఇప్పించ ప్రార్థన.
1. రోజువారీ ట్రిప్పుల రిజిస్టరు.
2. చెల్లించిన బిల్లులు.
3. ఈ పనికి ఇచ్చిన మంజూరు ఉత్తర్వు.
ఈ సమాచారం మీ కార్యాలయంలో లేకపోతే సెక్షన్ 6(3) ప్రకారం 5 రోజుల్లోగా సంబంధిత కార్యాలయానికి పంపి, నాకు తెలియజేయగలరు.
(పేరు, చిరునామా, తేదీ, సంతకం)

నీళ్ల ట్యాంకరు ఉదాహరణ కావాలనే ఇచ్చాను. మన పక్క వేసవి ఎట్లుంటుందో మీకు చెప్పనక్కర లేదు. "మా వీధికి నీళ్లు ఎందుకు తోలలేదు?" అని అడిగితే జవాబు రాదు. ఎందుకంటే చట్టం ఇచ్చేది ఆఫీసులో ఉన్న రికార్డును మాత్రమే. అధికారి అభిప్రాయం చెప్పనక్కర లేదు, కొత్తగా కారణాలు తయారు చేయనక్కర లేదు. ట్రిప్పుల రిజిస్టరు నకలు అడిగితే, మీ వీధి పేరు ఎన్నిసార్లు రాసి ఉందో మీరే లెక్కపెట్టుకోవచ్చు. "ఎందుకు" అనే మాట తీసేసి, ఆ జవాబు ఏ పుస్తకంలో రాసి ఉంటుందో కనుక్కొని ఆ పుస్తకం అడగడం, ఈ విద్యలో సగం ఇదే. వేరుశనగకు పంట నష్టం రాకపోతే ఇన్‌పుట్ సబ్సిడీ జాబితా, మండలం వర్షపాతం నమోదు అడగాలి. సిమెంటు రోడ్డు ఆరు నెలలకే లేచిపోతే అంచనా పత్రం, కొలతల పుస్తకం అడగాలి. అవసరమైతే పని జరిగిన చోటుకు పోయి చూసి, వాడిన సరుకు నమూనా తీసుకొనే హక్కు కూడా సెక్షన్ 2(జె)లో ఉంది. ఈ సంగతి చాలామందికి తెలియదు.

ఖర్చు భయపడేంత లేదు. మన రాష్ట్ర నిబంధనల ప్రకారం గ్రామ స్థాయి కార్యాలయంలో దరఖాస్తుకు ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. నగదు కట్టి రసీదు తీసుకోవచ్చు, పోస్టల్ ఆర్డరు జతచేయవచ్చు. నకళ్లకు మామూలు పేజీకి 2 రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లకు ఏ ఫీజూ లేదు, రుజువుగా కార్డు జిరాక్సు జతచేయాలి. నకళ్లు వద్దు, రికార్డు కూర్చొని చూసుకుంటాను అన్నా ఒప్పుకోవాలి. మొదటి గంట ఉచితం. వందల పేజీలున్న రికార్డయితే ముందు చూసి, కావలసిన పేజీలే తీసుకోవడం మేలు.

గడువు 30 రోజులు. ఒక మనిషి ప్రాణానికి, స్వేచ్ఛకు సంబంధించిన సమాచారమైతే 48 గంటలు. నకళ్లకు ఇంత కట్టమని వాళ్లు ఉత్తరం రాస్తే, ఆ ఉత్తరం పంపిన నాటి నుంచి మనం డబ్బు కట్టేదాకా పట్టిన రోజులు ఆ 30లో లెక్కకు రావు. కాబట్టి ఉత్తరం రాగానే కట్టేయండి. గడువు దాటిన తర్వాత ఇచ్చే సమాచారం ఉచితంగా ఇవ్వాలి.

విద్యార్థులుగా మనకు పనికొచ్చేవీ ఉన్నాయి. డిగ్రీ, పీజీ పరీక్షల్లో మార్కులు అన్యాయంగా తగ్గాయనిపిస్తే దిద్దిన జవాబుపత్రం నకలు అడగవచ్చు. 2011 ఆగస్టు 9న సుప్రీంకోర్టు సీబీఎస్ఈ, ఆదిత్య బందోపాధ్యాయ కేసులో ఈ హక్కును ఖాయం చేసింది. అయితే జవాబుపత్రాలను కొంతకాలమే ఉంచుతారు, తర్వాత తీసేస్తారు. ఫలితాలు రాగానే అడగాలి. స్కాలర్‌షిప్ దరఖాస్తు ఏ టేబులు మీద ఆగిందో కూడా అడగవచ్చు. హాస్టల్ డైట్ బిల్లులు, స్టాకు రిజిస్టరు కూడా రికార్డులే. (ఈ వాక్యం చదివి వార్డెన్ సారు కోపగించుకోరని ఆశిస్తున్నాను. రిజిస్టరు సరిగా రాసే వార్డెన్‌కు దీనివల్ల పోయేదేమీ లేదు.)

"మేము చిన్నపిల్లలం, మాకిస్తారా?" అని అడిగేవాళ్లున్నారు. చట్టంలో పౌరులు అని ఉంది, వయసు లేదు. 2012లో లక్నోలో పదేళ్ల పాప, గాంధీజీకి జాతిపిత అనే బిరుదు ఏ ఉత్తర్వు ద్వారా ఇచ్చారని ప్రధాని కార్యాలయాన్ని అడిగింది. ఆ దరఖాస్తు హోంశాఖకు, అక్కడి నుంచి జాతీయ అభిలేఖాగారానికి పోయింది. అలాంటి పత్రమేదీ లేదని తేలింది. "లేదు" అన్నది కూడా రాతపూర్వకంగా వస్తే సమాచారమే.

అన్నీ ఇవ్వరని కూడా తెలుసుకోవాలి. సెక్షన్ 8లో మినహాయింపులున్నాయి. ముఖ్యంగా ఇతరుల వ్యక్తిగత సమాచారం. ఇదివరకు ప్రజా ప్రయోజనంతో సంబంధం లేని వ్యక్తిగత సమాచారాన్నే ఆపేవారు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఆ షరతులు తీసేసి, వ్యక్తిగత సమాచారం అంటే చాలు ఆపవచ్చు అన్నట్టు మార్చింది. ఈ మార్పు 2025 నవంబరు నుంచి అమలులో ఉంది. నా దృష్టిలో ఇది మన చేతిలోని కర్రను సగానికి నరకడమే. లబ్ధిదారుల జాబితా అడిగితే "వ్యక్తిగతం" అని తిప్పి పంపే అవకాశం పెరిగింది. అప్పుడు రెండు మాటలు రాయండి. సెక్షన్ 4(1)(బి) ప్రకారం సబ్సిడీ పథకాల లబ్ధిదారుల వివరాలు ఎవరూ అడగకుండానే ఆఫీసు ప్రకటించాలి. అలాగే సెక్షన్ 8(2) ప్రకారం ప్రజా ప్రయోజనం ఎక్కువైతే మినహాయింపు ఉన్న సమాచారమైనా ఇవ్వవచ్చు.

జవాబు రాకపోయినా, వచ్చింది సరిగా లేకపోయినా 30 రోజుల్లో అదే శాఖ పై అధికారికి మొదటి అప్పీలు వేయాలి. ఆయన 30 రోజుల్లో, కారణం రాసి 45 రోజుల్లో తేల్చాలి. అక్కడా కాకపోతే 90 రోజుల్లో మంగళగిరిలోని రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. కమిషన్ తలచుకుంటే తప్పు చేసిన అధికారికి రోజుకు 250 చొప్పున 25,000 రూపాయల దాకా జరిమానా వేయవచ్చు. కానీ రెండో అప్పీలు విచారణకు రావడానికి చాలా కాలం పడుతుంది. అందుకే మొదటి అప్పీలు దగ్గరే గట్టిగా, తేదీలతో సహా రాయాలి.

ఇంకొక మాట. పెద్ద కాంట్రాక్టులు, భూముల జోలికి పోయినవాళ్ల మీద దాడులు జరిగాయి. 2010లో పుణె దగ్గర సతీష్ శెట్టిని చంపేశారు. అలాంటి విషయాలు ఒంటరిగా అడగవద్దు. ఒకే ప్రశ్నతో పదిమంది పది దరఖాస్తులు పెడితే ఒక్కరి మీద కన్ను పడదు. ఆఫీసులో తీసుకోమంటే గొడవ పడకుండా పోస్టాఫీసుకు పోయి స్పీడ్ పోస్టులో పంపండి. దరఖాస్తు జిరాక్సు, పోస్టు రసీదు, వచ్చిన జవాబు మూడూ ఒకే కవరులో పెట్టి, కవరు మీద 30 రోజులు ఎప్పటికి నిండుతాయో ఆ తేదీ రాసుకోండి. ఎవరికైనా దరఖాస్తు రాయడంలో సందేహం ఉంటే, వార్షికోత్సవం రోజు నేను మెస్సు వెనక వేపచెట్టు కింద ఉంటాను. తెల్లకాగితాలు నేనే తెస్తాను, బియ్యం కార్డు జిరాక్సు మీరు తెచ్చుకోండి.